ఉప్పునీళ్లలో విషాన్ని తినే బ్యాక్టీరియా.. జీనోమ్ చదివేశారు, మరి మన వాగులు బాగుపడతాయా?

ఫార్మా వ్యర్థజలాల్లో ఉప్పే అసలు శత్రువు. ఆ ఉప్పులోనే బతికి రసాయనాలను తినేసే సూక్ష్మజీవులపై ప్రపంచవ్యాప్తంగా పరిశోధనలు సాగుతున్నాయి. ఇందులో జీనోమ్ సీక్వెన్సింగ్ ఏం చెబుతుంది? ఏం చెప్పదు? పటాన్‌చెరు నుంచి నక్కపల్లి వరకు దీనితో మనకున్న లింకేంటి?

ఆవకాయ జాడీలో ఉప్పు తగ్గితే ఏమవుతుందో తెలుగిళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. వానాకాలం రాకముందే బూజు పడుతుంది. ఉప్పు సరిగ్గా పడితే ఏడాదంతా నిలవ ఉంటుంది. ఎందుకంటే, ఉప్పు బాగా ఎక్కువున్న చోట సూక్ష్మజీవుల కణాల్లోని నీరు బయటకు లాగేసుకుపోతుంది. అవి ఎండిపోయి చచ్చిపోతాయి, లేదంటే ఎదగకుండా ఆగిపోతాయి.

వంటింట్లో మనకు మేలు చేసే ఈ సూత్రమే ఫ్యాక్టరీ గేటు దగ్గరకొచ్చేసరికి పెద్ద తలనొప్పిగా మారింది. ఊరి మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రాల్లో అసలు పని చేసేది మెషీన్లు కాదు, బ్యాక్టీరియానే. ట్యాంకుల్లోకి గాలి పంపిస్తే అవి మురుగులోని సేంద్రియ పదార్థాన్ని తిని నీటిని తేలిక చేస్తాయి. కానీ మందుల తయారీ, రంగుల అద్దకం, తోళ్ల శుద్ధి, చమురు బావుల నుంచి వచ్చే నీళ్లలో విషపు రసాయనాలతో పాటు ఉప్పు కూడా విపరీతంగా ఉంటుంది. లీటరుకు 10 గ్రాములు దాటితే మామూలు శుద్ధి ట్యాంకుల్లోని బ్యాక్టీరియా తడబడటం మొదలవుతుంది. అంతకు మించి పెరిగితే చేతులెత్తేస్తుంది.

సరిగ్గా ఇక్కడే ఉప్పును ఇష్టపడే బ్యాక్టీరియా సీన్‌లోకి వచ్చింది.

ఉప్పులో ఎలా బతుకుతాయి?

శాస్త్రవేత్తలు వీటిని హాలోఫైల్స్ అంటారు. ఉప్పు మడులు, ఉప్పు సరస్సులు, చవిటి నేలలు, సముద్రం వీటి నివాసాలు. మన దగ్గర నౌపడ, చినగంజాం లాంటి చోట్ల ఉన్న ఉప్పు మడులు, రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సు ఇలాంటి జీవులకు పుట్టిళ్లే. ఎండాకాలంలో కొన్ని ఉప్పు మడులు గులాబీ రంగులోకి మారడానికి ప్రధాన కారణం ఈ కోవలోని సూక్ష్మజీవులే.

ఇవి ఉప్పును తట్టుకోవడానికి రెండు దారులు పట్టాయి. కొన్ని జీవులు బయటి ఉప్పుకు దీటుగా కణం లోపల కూడా పొటాషియం లవణాన్ని నింపుకుంటాయి. అలా చేయాలంటే లోపలి ప్రొటీన్లన్నీ ఉప్పులో పనిచేసేలా మారిపోవాలి. రెండో దారి కాస్త తెలివైనది. ఉప్పును బయటే ఉంచి, లోపల ఎక్టోయిన్ లాంటి చిన్న సేంద్రియ అణువులను తయారు చేసుకుంటాయి. ఇవి కణంలోని నీటిని పట్టి ఉంచుతాయి. ఉప్పు పెరిగితే ఎక్టోయిన్ ఎక్కువ చేస్తాయి, తగ్గితే తగ్గిస్తాయి. చర్మానికి రాసుకునే కొన్ని క్రీముల్లో ఇప్పుడు వాడుతున్న ఎక్టోయిన్ ఇదే.

ఫ్యాక్టరీ నీళ్లకు ఈ రెండో రకమే ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చే నీటిలో ఉప్పు ఈ రోజు ఉన్నట్టు రేపు ఉండదు. బ్యాచ్ మారితే మారిపోతుంది. ఉప్పు పెరిగినా తగ్గినా సర్దుకుపోయే జీవి కావాలి.

అసలు జీనోమ్ చదవడమంటే ఏంటి?

ఏ జీవికైనా దాని డీఎన్ఏలో రాసి ఉన్న మొత్తం సమాచారమే జీనోమ్. నాలుగే నాలుగు రసాయన అక్షరాలతో రాసిన పెద్ద పుస్తకం అనుకోవచ్చు. మనిషి జీనోమ్‌లో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటాయి. దాన్ని చదవడానికి 1990లో మొదలుపెట్టిన అంతర్జాతీయ ప్రాజెక్టు 2003లో ముగిసింది. బ్యాక్టీరియా పుస్తకం చాలా చిన్నది, సాధారణంగా కొన్ని పదుల లక్షల అక్షరాలే. అప్పట్లో ఏళ్లు పట్టిన పని ఇప్పుడు కొద్ది రోజుల్లో అయిపోతోంది. ఖర్చు కూడా బాగా తగ్గింది.

పద్ధతి ఇలా ఉంటుంది. ముందు బ్యాక్టీరియాను విడిగా పెంచుతారు. దాని డీఎన్ఏను బయటకు తీసి ముక్కలు చేస్తారు. మెషీన్ ఆ ముక్కల్లోని అక్షరాలను చదువుతుంది. చిరిగిన పేపరును అంచులు చూసి అతికించినట్టు కంప్యూటర్ వాటిని వరుసలో పెడుతుంది. చివరగా ఏ వరుస ఏ ప్రొటీన్‌ను తయారు చేస్తుందో, ఇప్పటికే తెలిసిన జన్యువులతో పోల్చి గుర్తిస్తారు. ఈ చివరి దశే కీలకం. అక్షరాలు చదవడం వేరు, అర్థం తెలుసుకోవడం వేరు.

దీనికి మంచి ఉదాహరణ క్రోమోహాలోబాక్టర్ సాలెక్సిజెన్స్. కరీబియన్ సముద్రంలోని బొనైర్ దీవి ఉప్పు మడుల్లో దొరికిన బ్యాక్టీరియా ఇది. అమెరికా ఇంధన శాఖకు చెందిన జాయింట్ జీనోమ్ ఇనిస్టిట్యూట్ దీని జీనోమ్‌ను చదివింది. పూర్తి వివరాలు 2011లో వచ్చాయి. మొత్తం 36,96,649 అక్షరాలు. ప్రొటీన్లను తయారు చేసే జన్యువులు 3,319. దాని కుటుంబంలో పూర్తిగా చదివిన మొదటి జీనోమ్ ఇదే. ఉప్పు మార్పులకు ఈ జీవి ఎలా సర్దుకుంటుందో చెప్పే జన్యువుల జాబితా దీంతో చేతికొచ్చింది.

విషాన్ని ఎలా తింటాయి?

ఉప్పును తట్టుకోవడం ఒక్కటే సరిపోదు. రసాయనాన్ని తినగలగాలి కూడా. స్పెయిన్‌లోని సెవిల్లె యూనివర్సిటీ పరిశోధకులు అక్కడి ఉప్పు నేలల్లో వెతికి 2004లో ఒక కొత్త జాతిని ప్రకటించారు. దాని పేరు హాలోమోనాస్ ఆర్గానివోరాన్స్. పేరులోనే ఉంది విషయం, సేంద్రియ రసాయనాలను మింగేది అని అర్థం. ఫినాల్, బెంజోయిక్ ఆమ్లం, సాలిసిలిక్ ఆమ్లం లాంటివి దీనికి ఆహారం. సముద్రపు నీటికి ఎన్నో రెట్లు ఉప్పున్నా పెరుగుతుంది.

ఇలాంటి రసాయనాలన్నింటిలో ఒక ఉమ్మడి లక్షణం ఉంది. ఆరు కార్బన్ పరమాణువులు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డట్టు ఒక వలయం ఉంటుంది. దాన్ని విడగొట్టడం చాలా కష్టం. అందుకే ఇవి నేలలో, నీళ్లలో అంత తేలిగ్గా పోవు. బ్యాక్టీరియా ముందు ఒక ఎంజైమ్‌తో ఈ వలయానికి ఆక్సిజన్‌ను అతికించి కాటెకాల్ అనే పదార్థంగా మారుస్తుంది. తర్వాత ఇంకో ఎంజైమ్ ఆ వలయాన్ని తెంపేస్తుంది. ఒక్కసారి వలయం తెగిందంటే మిగతా పని సులువు. ఆ ముక్కలు బ్యాక్టీరియా మామూలు జీర్ణక్రియలోకి వెళ్లి, చివరకు కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారిపోతాయి. హాలోమోనాస్ ఆర్గానివోరాన్స్‌లో ఈ పనులు చేసే క్యాట్, బెన్ జన్యువులను 2011లో విడదీసి చూపించారు.

అమెరికాలోని ఒక్లహోమాలో చమురు ఉత్పత్తి కేంద్రం దగ్గరి ఉప్పు మట్టి నుంచి పెంచిన సూక్ష్మజీవుల గుంపు బెంజీన్, టోలుయీన్ లాంటి ప్రమాదకర రసాయనాలను ఒకటి రెండు వారాల్లో పూర్తిగా తినేసినట్టు 2004లోనే ప్రయోగాల్లో తేలింది. ఆ గుంపులో మారినోబాక్టర్ అనే జాతిదే పైచేయి. అంటే ఉప్పు ఎక్కువున్న చోట జీవ శుద్ధి అసాధ్యం అన్న పాత నమ్మకం తప్పని రుజువైంది.

జీనోమ్ చెప్పిన పెద్ద పాఠం

జీనోమ్ చదివితే ఏం లాభం అనే ప్రశ్నకు సముద్రంలో చమురు తినే బ్యాక్టీరియా కథ సమాధానం చెబుతుంది. ఆల్కనివోరాక్స్ బోర్కుమెన్సిస్ అనే ఈ జీవి జర్మనీకి చెందిన బోర్కుమ్ దీవి దగ్గర, ఉత్తర సముద్రంలో దొరికింది. 1998లో పేరు పెట్టారు. 2006లో జర్మన్ పరిశోధకుల బృందం జీనోమ్ ప్రకటించింది. మొత్తం 31,20,143 అక్షరాలు.

అందులో ఏం కనిపించిందంటే, చమురులోని పొడవాటి హైడ్రోకార్బన్లను విరగ్గొట్టే ఎంజైమ్‌లు ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. చక్కెరను లోపలికి తీసుకునే ఏర్పాటు మాత్రం లేదు. అంటే నోటి ముందు పంచదార పెట్టినా తినదు, దానికి నూనె కావాల్సిందే. నత్రజని, భాస్వరం లాంటి పోషకాలు కొంచెం దొరికినా పట్టుకునే జన్యువులు కూడా బాగా ఉన్నాయి. సముద్రంలో ఈ పోషకాలు చాలా తక్కువ కాబట్టి అది అలా తయారైంది.

మరి దీన్నుంచి నేర్చుకోవాల్సిందేంటి? ఒలికిన చమురు ఈ బ్యాక్టీరియాకు విందు భోజనమే. కానీ పక్కన పోషకాలు లేకపోతే ఆ విందు అరగదు. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి చమురు ఒలికినప్పుడు అలాస్కా తీరంలో చేసింది కూడా ఇదే. బయటి బ్యాక్టీరియాను తెచ్చి చల్లడం కంటే, అక్కడున్న వాటికి ఎరువు వేయడం మీదే ప్రధానంగా దృష్టి పెట్టారు. తర్వాత చదివిన జీనోమ్ అలాంటి పద్ధతి ఎందుకు పనిచేస్తుందో వివరించింది. ఏ జీవిని వదలాలన్నది ఒక ప్రశ్న అయితే, ఉన్న జీవికి ఏం తక్కువైందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

జీనోమ్ చెప్పనివి కూడా ఉన్నాయి

ఇక అసలు చిక్కు ఇక్కడే. ఒక జన్యువు ఉన్నంత మాత్రాన అది పని చేస్తుందని కాదు. ఇంట్లో కుట్టు మిషన్ ఉంటే అందరూ బట్టలు కుట్టరు కదా. ఏ పరిస్థితిలో ఆ జన్యువు మేల్కొంటుంది, ఎంత వేగంగా పనిచేస్తుంది అన్నది పెంచి చూస్తేనే తెలుస్తుంది. ల్యాబ్‌లో ఒక్క ఫినాల్ ఇస్తారు. ఫ్యాక్టరీ నీళ్లలో పదుల కొద్దీ సాల్వెంట్లు, ఆమ్లాలు, లోహాలు కలగలిసి వస్తాయి. ఫ్లాస్కులో ఒక్కటే బ్యాక్టీరియా ఉంటుంది. ట్యాంకులో వేల రకాలు తిండి కోసం పోటీ పడతాయి.

దీనికి చరిత్రలో ఒక గట్టి ఉదాహరణ ఉంది. భారతీయ మూలాలున్న శాస్త్రవేత్త ఆనంద మోహన్ చక్రవర్తి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తూ, చమురును తినే గుణాలన్నీ ఒకే సూడోమోనాస్ బ్యాక్టీరియాలోకి చేర్చారు. దానిపై పేటెంట్ ఇవ్వొచ్చని 1980లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పిచ్చింది. ప్రపంచవ్యాప్తంగా బయోటెక్ పరిశ్రమకు దారి తెరిచిన తీర్పు అది. కానీ ఆ బ్యాక్టీరియాను సముద్రంలో ఒలికిన చమురు మీద ఎప్పుడూ వాడలేదు. పేపర్ మీద గెలిచింది, నీళ్లలోకి దిగలేదు.

అలాగని జీవ శుద్ధి అంతా వట్టిమాటే అనుకోనక్కర్లేదు. ఢిల్లీకి చెందిన టెరీ సంస్థ తయారు చేసిన ఆయిల్ జాపర్ అనే బ్యాక్టీరియా మిశ్రమాన్ని మన చమురు సంస్థల ప్రాంగణాల్లో నూనె మడ్డి శుద్ధికి వాడుతున్నారు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఇది ఒక్క సూపర్ బ్యాక్టీరియా కాదు, పని పంచుకునే కొన్ని జాతుల మిశ్రమం.

ఇంకో ముఖ్యమైన విషయం, ఈ బ్యాక్టీరియా రసాయనాన్ని తింటుంది, ఉప్పును తినదు. పేరు వినగానే చాలామంది పొరపడేది ఇక్కడే. శుద్ధి తర్వాత కూడా నీటిలో ఉప్పు అలాగే ఉంటుంది. లోహాలను కూడా అది మాయం చేయలేదు. అందుకే నీటిని మరిగించి ఉప్పును విడదీసే ఎవాపరేటర్ల అవసరం పోదు. కాకపోతే ముందుగా రసాయనాలు తగ్గిపోతే చివర్లో మిగిలే ఉప్పు శుభ్రంగా ఉంటుంది. తిరిగి వాడుకునే అవకాశం పెరుగుతుంది. లేదంటే ఆ ఉప్పు కూడా ప్రమాదకర వ్యర్థంగా గుట్టలు పడాల్సిందే. తమిళనాడులోని తిరుప్పూర్‌లో 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు రంగుల అద్దకం యూనిట్లను మూసేయమన్నప్పుడు అసలు గొడవ ఈ ఉప్పునీళ్ల గురించే.

పటాన్‌చెరుకు ఎందుకు ముఖ్యం?

తెలుగు రాష్ట్రాలకు ఇది ల్యాబ్ ముచ్చట కాదు. పటాన్‌చెరు పరిసరాల్లో ఇసుకవాగు, నక్కవాగు వెంట పొలాలున్న రైతులు ఫ్యాక్టరీల నీళ్లతో ఎంత నష్టపోయారో దశాబ్దాలుగా రికార్డుల్లో ఉంది. 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు హైకోర్టు, తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు నడిచింది. ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చినా సమస్య తీరలేదు.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన జోకిమ్ లార్సన్ బృందం ప్రచురించిన అధ్యయనం ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది. దాదాపు 90 మందుల తయారీ యూనిట్ల నీటిని తీసుకునే ఇక్కడి ఉమ్మడి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటకు వచ్చే నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని తేలింది. రోజుకు సుమారు 45 కిలోలు. అప్పట్లో స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మందుతో ఇది సమానం.

అంటే ఆ నీళ్లలో బ్యాక్టీరియాను వదిలితే దానికి ఉప్పుతో పాటు యాంటీబయోటిక్ కూడా ఎదురవుతుంది. అక్కడ బతకాలంటే మందును తట్టుకునే జన్యువులు ఉండాలి. అలాంటి జన్యువులున్న బ్యాక్టీరియా తన దగ్గరున్నది పక్క బ్యాక్టీరియాకు ఇచ్చేయగలదు. అందులో రోగాలు కలిగించేవి ఉంటే ఆస్పత్రిలో మందులు పనిచేయని పరిస్థితి వస్తుంది. కాలుష్యాన్ని తినమని తెచ్చిన జీవే మరో ముప్పును మోసుకొచ్చినట్టవుతుంది.

జీనోమ్ సీక్వెన్సింగ్ అసలు విలువ ఇక్కడే కనబడుతుంది. ఏ రసాయనాన్ని తింటుందన్న దానితో పాటు, ఈ జీవిలో ఏ ఏ మందులను తట్టుకునే జన్యువులున్నాయి, అవి పక్క జీవులకు తేలిగ్గా దాటే ప్లాస్మిడ్ల మీద ఉన్నాయా, రోగం కలిగించే లక్షణాలున్నాయా అన్నవి ముందే చూడొచ్చు. ట్యాంకులో వేయకముందే దాని జాతకం చూడటం లాంటిది. పొడి ప్యాకెట్లలో కల్చర్ పేరుతో శుద్ధి కేంద్రాలకు అమ్మే ఉత్పత్తుల్లో ఏ జాతులున్నాయో, వాటి జీనోమ్‌లో ఏముందో బయటపెట్టాలని నిబంధన పెడితే ఈ సైన్స్ ప్రజలకు నేరుగా ఉపయోగపడుతుంది.

రూల్స్ విషయంలో ఏం జరిగింది?

మందుల ఫ్యాక్టరీలు బయటకు వదిలే నీటిలో యాంటీబయోటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా ఇచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు కనిపించలేదు. కొలవమని చెప్పనిదాన్ని ఎవరూ కొలవరు. కొలవనిదాన్ని శుద్ధి చేయాలన్న ఒత్తిడి ఎవరికీ ఉండదు. ఎంత గొప్ప బ్యాక్టీరియా దొరికినా దాన్ని కొనేవాళ్లు కావాలంటే ముందు రూల్ ఉండాలి.

ఇక ఆంధ్రప్రదేశ్‌లో చూస్తే, అనకాపల్లి జిల్లా నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు. దేశంలో కేంద్రం ఎంపిక చేసిన మూడు పార్కుల్లో ఇదొకటి. మిగతావి గుజరాత్, హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్నాయి. మందుల ముడిసరుకు కోసం చైనా మీద ఆధారపడటం తగ్గించాలన్నది లక్ష్యం. ఉద్యోగాలు వస్తాయన్న ఆశ ఒకవైపు ఉంది. మరోవైపు వ్యర్థజలాలు సముద్రంలోకి వస్తే చేపల వేట ఏమవుతుందన్న భయంతో రాజయ్యపేట మత్స్యకారులు ఆందోళనకు దిగారు. సముద్రం ఉప్పుదే కదా, ఉప్పునీళ్లు వదిలితే ఏమవుతుందని కొందరు అడగొచ్చు. కానీ చేపను చంపేది సముద్రంలో ఎలాగూ ఉన్న ఉప్పు కాదు. ఆ ఉప్పుతో కలిసి వచ్చే, విడగొట్టకుండా మిగిలిపోయిన రసాయనాలు.

పటాన్‌చెరులో ముందు ఫ్యాక్టరీలు వచ్చాయి, తర్వాత శుద్ధి గురించి ఆలోచించారు. నక్కపల్లిలో ఆ వరుస మార్చే అవకాశం ఇంకా ఉంది. ఉప్పు ఎక్కువున్న నీటిని, తక్కువున్న నీటిని మొదటి రోజు నుంచే విడిగా ఉంచడం, ఉప్పును తట్టుకునే సూక్ష్మజీవులతో చిన్న స్థాయి ప్లాంటు పెట్టి నెలల తరబడి పరీక్షించడం, ట్యాంకులోని జీవుల జీనోమ్‌లను ఎప్పటికప్పుడు చదివి చూడటం, ఆ ఫలితాలను ఊరివాళ్లకు తెలిసే చోట పెట్టడం.. ఇవన్నీ చేయదగ్గ పనులే. జీనోమ్‌లు చదివే సత్తా ఉన్న సీసీఎంబీ లాంటి సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. వెతకడానికి కోస్తా పొడవునా ఉప్పు మడులున్నాయి.

ఫైనల్‌గా తేలేదేంటంటే..

ఉప్పులో బతికి విషాన్ని తినే బ్యాక్టీరియా ఉంది. అది ఎలా తింటుందో చెప్పే పుస్తకం కూడా మనిషి చేతికొచ్చింది. అయితే ఆ పుస్తకంలో ఉన్నది దారి మాత్రమే. నడవాల్సింది పరిశ్రమలు, నడిపించాల్సింది ప్రభుత్వాలు. శుద్ధి చేసే జీవి దొరికింది కదా అని వదిలే విషాన్ని పెంచితే ఏ బ్యాక్టీరియా కూడా కాపాడలేదు. వ్యర్థం పుట్టే చోటే తగ్గించి, మిగిలినదాన్ని ఈ చిన్న జీవులకు అప్పగిస్తే అప్పుడు లాభం.

ఇసుకవాగు పక్కన పొలమున్న రైతుకు 31 లక్షల అక్షరాలా, 36 లక్షల అక్షరాలా అన్నది ముఖ్యం కాదు. బోరు వేస్తే వచ్చే నీళ్లు మడిలోకి పారించొచ్చా లేదా అన్నదే ముఖ్యం. రాజయ్యపేట మత్స్యకారుడికి కావాల్సింది కూడా అంతే, వల వేస్తే చేప పడాలి. జీనోమ్ చదువు ఎంతవరకు పనికొచ్చిందో తేల్చేది చివరికి ఆ బోరు, ఆ వలే.